యుద్ధమున లెక్కకు రాని చావులు

[ఒక గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాస పాఠము]



1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వైచినవి. జనులు పట్టణములు విడిచి పల్లెలకు తరలిపోయిన కథలు మన తీరవాసుల యిండ్లలో నేటికిని చెప్పుకొనుచుందురు. ఆ దాడిలో చనిపోయినవారు కొలదిమందియే. అదే యుద్ధకాలమున, అదే సముద్రపుటొడ్డున, మనకు ఉత్తరముగా నున్న వంగదేశమున లక్షలకొలది జనులు కన్నుమూసిరి. 1945లో విచారణ సంఘము వారి సంఖ్య 15 లక్షలనెను. తరువాతి పరిశోధకులు 30 లక్షల వరకు లెక్కించిరి. వారిని చంపినది బాంబు కాదు. కనుక యుద్ధమృతుల జాబితాలో వారికి చోటు లేదు. ఈ లెక్కను సరిదిద్దవలెనని విన్నవించుటకే మేము మీ ముందు నిలిచితిమి.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మా బియ్యము నిలిచిపోయెను. శత్రువు తీరమున దిగినచో వానికి చిక్కరాదని ప్రభుత్వమువారు తీరపు జిల్లాల బియ్యమును తరలించిరి. పదిమందికి మించి ఎక్కదగిన పడవలను పట్టుకొనిరి, అనేకములను పాడుచేసిరి. నదులే బాటలైన ఆ దేశమున పడవ పోయినచో బెస్తవానికి వేట లేదు, రైతు ధాన్యమునకు సంత లేదు. ఆ అక్టోబరు 16న వచ్చిన తుపాను మేదినీపురమును ముంచెను. యుద్ధవ్యయము ధరలను ఎగద్రోసెను. కలకత్తాలో 82 పౌనుల వంగ మణుగు బియ్యము 1942 డిసెంబరున 13, 14 రూపాయలుండగా, 1943 మే నాటికి 30 దాటి, ఆగస్టునకు 37 అయ్యెను. యుద్ధసామగ్రి చేయు కార్ఖానాల పనివారికి చౌకధరకు బియ్యము దొరకెను. పల్లెకూలికి, బెస్తకు, పడవవానికి దొరకలేదు.

అయినను వారిలో పెక్కుమందిని కడతేర్చినది ఆకలి యొక్కటే కాదు. ఆకలిచే శుష్కించిన శరీరమునకు రోగమును తట్టుకొను శక్తి యుండదు. తిండికై ఊరూరు తిరుగువారు దొరకిన నీరే త్రాగిరి. 1943 శరత్కాలమున కలరా విజృంభించెను. వెనువెంటనే మలేరియా వచ్చెను. దానికి మందు క్వినైను. లోకమునకు క్వినైను నిచ్చు సింకోనా తోటలు అధికభాగము జావా ద్వీపమున నుండెను. ఆ జావా 1942లోనే శత్రువు చేత చిక్కెను. ఎచ్చటనో జరిగిన యుద్ధము వంగ రైతు మంచము ప్రక్క మందు లేకుండ చేసెను! ఆ డిసెంబరున పంట బాగుగ పండెను. చావులు మాత్రము ఆగలేదు. 1944 వసంతమున మశూచి చెలరేగెను. మొత్తము మరణములలో సగమునకు పైగా 1943 గడచిన పిదపనే సంభవించెనని అమర్త్యసేను గారు లెక్కతేల్చిరి.

మేము ఇరువది యేండ్లుగా న్యాయస్థానములలో దస్తావేజులు చదువువారము. మరణముల రిజిస్టరులో “జ్వరము” అని యుండును. ఆ మాట అబద్ధము కాదు, నిజమంతయు కాదు. ఆనాడు కరవు కోడు అను శాసనమును లేకపోలేదు. కరవు వచ్చెనని ప్రకటించినచో సర్కారు పనిని, తిండిని ఇచ్చి తీరవలెను. వంగ ప్రభుత్వము ప్రకటింపనే లేదు. కోడు చెప్పినంత తిండి యిచ్చుటకు తమ యొద్ద లేదు గనుక దానిని అమలుపరుపలేదని గవర్నరే వైస్రాయికి వ్రాసెను. నిప్పంటిన యింటిలో గంట కొట్టినచో నీళ్లు తేవలసివచ్చునని గంట కొట్టకుండుట యిది!

ఇది పాతకథ యనరాదు. యెమెన్ దేశమున యుద్ధముచే నీటి పంపులు ఆగినవి, ఆసుపత్రులు పాడైనవి, వైద్యులకు జీతములు లేవు. 2017 చివరకు కలరా సోకినదని యనుమానింపబడినవారి సంఖ్య 10 లక్షలు దాటెను. 2021 ముగియునాటికి ఆ యుద్ధము 3,77,000 మందిని బలిగొనునని ఐక్యరాజ్యసమితి వారి అంచనా. అందు నూటికి దాదాపు 60 మంది పోరాటములో గాక, ఆకలిచేతను, రోగముచేతను, వైద్యము లేకయు చనిపోయినవారు.

ఇందులకు శాసనము లేదా? కలదు. 1949 నాటి జెనీవా ఒడంబడికలకు తోడుగా 1977లో చేసిన ప్రోటోకాలు, జనులను ఆకలికి మాడ్చుటను యుద్ధసాధనముగా వాడరాదనియు, పంటలను, త్రాగునీటి కట్టడములను నాశనము చేయరాదనియు విధించుచున్నది. నూటడెబ్బదికి పైగా రాజ్యములు అందు చేరినవి. మన దేశము 1949 ఒడంబడికల నంగీకరించి, 1960లో చట్టమును చేసినది. ఈ ప్రోటోకాలులో మాత్రము చేరలేదు. యుద్ధపుటాకలికి ఇన్ని లక్షల బిడ్డలను పోగొట్టుకొన్న దేశము ఈ విషయమున ముందు నిలువవలసినది కాదా?

మా కోరిక పెద్దది కాదు. ఈ పఠనమందిరమున యుద్ధవార్త చదువునపుడు ఎన్ని విమానములు కూలెనని అడుగుదుము. అచ్చట నీరు వచ్చుచున్నదా, మందు దొరకుచున్నదా, బియ్యము వెల యెంత యని కూడ అడుగుదము. సంధి కుదిరినదని విని సహాయమును అప్పుడే చాలింపకుందము. వంగదేశమున పంట యింటికి వచ్చిన పిదపనే సగము చావులు! ఆ ప్రోటోకాలులో మన దేశము చేరవలెనని మన ప్రతినిధులకు విజ్ఞప్తి పంపుదము. దాని ప్రతిని వ్రాసి తెచ్చితిమి, బల్లమీద నున్నది. సమ్మతించువారు సంతకము చేయుదురుగాక.