పాత విత్తనం మొలకెత్తుతుందా?

ఏరువాక పున్నమి దగ్గరికొచ్చింది కాబట్టి విత్తనాల చరిత్ర మీద మాట్లాడమన్నారు. ఏరువాక ఏమిటో, గొర్రుకు పూజ ఎట్లా చేస్తారో అనంతపురం రైతులకు నేను చెప్పాల్సిన పని లేదు. నేరుగా పాతర దగ్గరికి పోదాం.

1876-78లో ధాత కరువు వచ్చినప్పుడు మన జిల్లా ఇంకా ఏర్పడలేదు, ఈ ఊళ్లన్నీ బళ్లారి కిందే ఉండేవి. 1882లో వేరయ్యాం. కరువులు చూసిన ఊళ్లల్లో కలిగినవాళ్లు రాగులు, జొన్నలు పాతర వేసేవాళ్లు. గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, గింజ నింపి, పైన మన్ను మెత్తేవాళ్లు. లోపల గాలి ఆడదు గనక పురుగు బతకదు. రాగులు ఏళ్ల తరబడి నిలిచేవి.

నా చిన్నప్పుడు పాతర తీయడమంటే పండగే. మూత తీసిన వెంటనే మా తాత ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. ముందు లాంతరును తాడుకు కట్టి లోపలికి దించేవాడు. దీపం కొండెక్కిందా, ఆ పూటకు పని ఆపేయాల్సిందే. చెడ్డగాలి పోయేదాకా పిల్లల్ని ఆ ఛాయలకు రానిచ్చేవాడు కాదు. పాతర గాలికి మనుషులు చనిపోయిన సంగతి ఆయనకు తెలుసు.

పాతరలో విత్తనాలు కూడా భద్రంగా ఉండేవని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఆ గింజ తిండికి బాగుంటుంది గానీ, మట్టి చెమ్మకు, ఉక్కకు మొలకశక్తి తగ్గిపోతుంది. అందుకే మా అవ్వ విత్తనాన్ని వేరుగా పెట్టేది. బాగా గింజ పట్టిన కొర్ర వెన్నులు ఏరి, కట్టలు కట్టి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. పొగ తగిలి పురుగు చేరేది కాదు, వేడికి చెమ్మ ఆరిపోయేది. గింజలో చెమ్మ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ఇక చెనక్కాయ సంగతి. ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా అదే పంట. గింజలో సగానికి దగ్గరగా నూనె. ఆ నూనె పాడయ్యేకొద్దీ మొలకశక్తీ పోతుంది. కాయగా ఉంటే కొంత మేలు, ఒలిచి పెడితే తొందరగా చస్తుంది. పైగా ఎకరాకు సుమారు 60 కిలోల గింజలు కావాలి, కొర్రకైతే రెండు కిలోలు చాలు. ఒక్క ఏడు వాన పోతే కొర్ర రైతుకు దూలం మీద విత్తనం మిగిలేది, చెనక్కాయ రైతు మాత్రం సబ్సిడీ క్యూలో నిలబడాల్సి వచ్చింది. మన జిల్లా రైతు విత్తన స్వాతంత్ర్యం పోవడానికి పెద్ద కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

సమయం తక్కువుంది, విత్తనం ఎన్నేళ్లు బతుకుతుందన్న మిగతా సంగతి గబగబా చెబుతాను. ఈజిప్టు పిరమిడ్లలోని గోధుమలు మొలిచాయన్నది కట్టుకథ. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఖర్జూర గింజను 2005లో నాటితే మొలిచింది, ఇది నిజం. అమెరికాలో బీల్ అనే ఆచార్యుడు 1879లో సీసాల్లో నింపి పాతిపెట్టిన కలుపు గింజల్లో కొన్ని 2021లోనూ మొలకెత్తాయి. మనకు దగ్గర్లో పటాన్‌చెరువు ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, చెనక్కాయ విత్తనాలను ఎండబెట్టి, మైనస్ 20 డిగ్రీల చలిలో దాస్తున్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు చిరుధాన్యాలను మళ్లీ పొలాల్లోకి తెచ్చారు. వాళ్ల పని నాకెంతో ఇష్టం.

పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు చల్లుతాం కదా, నా దృష్టిలో అది మన పెద్దలు చేసిన మొలక పరీక్ష కూడా. మీరూ అదే చేయండి. మీ ఇంట్లో నిలవున్న విత్తనంలోంచి ఏరకుండా వంద గింజలు తీసుకోండి. తడి గోనెపట్టాలో వరుసగా పరిచి, చుట్టి, నీడలో పెట్టి, తడి ఆరకుండా చూడండి. కొర్ర నాలుగైదు రోజుల్లో తెలిసిపోతుంది, చెనక్కాయకు వారం, పది రోజులు ఆగండి. చెనక్కాయ డెబ్బైకి తక్కువ మొలిస్తే ఆ విత్తనాన్ని జడ్డిగంలో పోయొద్దు. వాన పడ్డాక పరీక్షకు తీరికుండదు, ఈ వారమే చూసుకోండి.