డాబా మీద కొత్త పని



మేస్త్రికి డాబా సంగతి తెలుసు. స్లాబు ఎంత బరువు ఆపుతుందో తెలుసు. ఎక్కడ బెజ్జం వేస్తే వాన కారుతుందో తెలుసు. ఇల్లు కట్టేవాళ్ళకు సోలార్ పనిలో సగం విద్య వచ్చినట్టే. మిగతా సగం నేర్చుకోవాలి.

ఎందుకు? స్విచ్చి ఆపినా, ఎండ ఉన్నంతసేపు సోలార్ పలకలో కరెంటు పుడుతూనే ఉంటుంది. తెలియక తీగ ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

2024లో సూర్యఘర్ పథకం వచ్చింది. ఇంటిపై 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల సాయం ప్రకటించారు. డాబాల మీద పని పెరిగింది.

తట్ట మోసే ఆడవాళ్ళకు ఈ విద్య వస్తుందా? రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊరుంది. అక్కడి బేర్‌ఫుట్ కాలేజీలో చదువురాని అమ్మమ్మలు 6 నెలల్లో నేర్చుకున్నారు. రంగులు, గుర్తులు చూసి తీగలు కలిపారు. తమ ఊళ్ళకు వెలుగు తెచ్చారు.

మరి అక్షరం దిద్దిన చేతికి తీగ కలపడం కష్టమా? ఆలోచించండి!