బియ్యం దారిలో కంప్యూటర్



ఈ రోజు మనం తలచుకుంటున్న మాస్టారు బతికినంతకాలం రేషన్ డిపో తూకం కోసం కొట్లాడారు. అందుకే ఆయన పేరిట జరిగే ఈ సభలో రేషన్ బియ్యం గురించే మాట్లాడతాను.

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక మన పల్లెల్లో రేషన్ కార్డు ఇంటింటి మాటైంది. అయితే గోదాముకూ డిపోకూ మధ్య బస్తాలు మాయమయ్యేవి. లెక్క రాసే చేతుల్లోనే సరుకూ ఉండేది.

ఈ దారికి కంప్యూటర్‌ను తెలివిగా వాడింది, ఏ ఐటీ నగరమూ లేని ఛత్తీస్‌గఢ్. ముందు మనుషుల్ని మార్చింది: 2004లో డిపోలను ప్రైవేటు డీలర్ల నుంచి తీసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించింది. 2007 నుంచి రైతు ధాన్యం అమ్మిన చోటు మొదలుకొని డిపోకు సరుకు చేరేదాకా లెక్కంతా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. లారీలకు పసుపు రంగు వేసింది. గోదాము నుంచి లారీ కదిలితే, పేరు నమోదు చేసుకున్న ఊరివాళ్ల ఫోన్లకు సందేశం వెళ్లేది. ఏ రోజు ఎన్ని బస్తాలు రావాలో ఊరికి ముందే తెలిస్తే డిపో దగ్గర అడిగే ధైర్యం వస్తుంది కదా! ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా అంచనా ప్రకారం 2004-05లో అక్కడ దాదాపు సగం ధాన్యం దారి తప్పేది. 2009-10 నాటికి అది పదో వంతుకు తగ్గింది. కార్డులు ఎక్కువమందికి ఇవ్వడమూ ఇందుకు తోడ్పడింది.

ఝార్ఖండ్‌లో మాత్రం వేలిముద్ర యంత్రాన్ని దారి చివర, డిపోలో పేదవాడి వేలి కింద పెట్టారు. 2017 జూలైలో మరో అడుగు వేశారు. యంత్రంలో ఇచ్చినట్టు నమోదు కాని ధాన్యమంతా డీలరు దగ్గర మిగిలే ఉందని లెక్కగట్టి, కొత్త కోటాలో కోత పెట్టారు. కార్తీక్ మురళీధరన్ బృందం అధ్యయనంలో తేలినదేమిటంటే, వేలిముద్ర ఒక్కటే దొంగతనాన్ని తగ్గించలేదు. కోత తగ్గించింది, కానీ ఆ భారంలో కొంత కార్డుదారుల గిన్నెల మీదా పడింది. కొద్ది నెలల్లోనే ఆ కోతను ఎత్తేశారు. కార్డుదారుల మీద పడిన ఆ భారాన్ని నేను సాంకేతిక లోపం అనను, అన్యాయం అంటాను.

యంత్రం వల్ల మేలు లేదనడం లేదు. ఆ యంత్రం ఆసరాతోనే 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఒక రాష్ట్రం కార్డు మరో రాష్ట్రంలో చెల్లడం మొదలైంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చిన తాపీ కూలీ ఉన్నచోటే బియ్యం తీసుకునే వీలు కలిగింది. ఆ కూలీ వేలి గీతలు సిమెంటుకు అరిగిపోయి ఉంటాయన్నదీ నిజమే.

వేలిముద్ర పడలేదని ఎవరికీ రేషన్ ఆపవద్దని 2017 అక్టోబరులో కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ఈ సభలో పౌర సరఫరాల అధికారులున్నారు. ఆ ఆదేశాన్ని ప్రతి డిపో గోడ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించండి. దాని పక్కనే ఆ నెల గోదాము నుంచి వచ్చిన బస్తాల లెక్క కూడా రాయించండి.