మన అంగడి పేరు మనమే రాసుకుందాం

(శిరివెళ్లలో మహిళా సంఘాల సమావేశంలో ఒక సభ్యురాలు మాట్లాడిన మాటలు)



నేను చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టినాక అక్షరాలు దిద్దినాను. మొదట నా పేరు రాసుకున్నాను. ఆ రోజు నాకు ఎంత సంబరమో! మీకూ అట్లాంటి రోజు ఒకటి ఉంటుంది.

ఈ రోజు ఇంకొక పేరు రాయడం గురించి చెప్తాను. అది మన అంగడి పేరు. ఫోన్‌లో వెతికేవాళ్లకు కనపడే పేరు.

నేను ఇంట్లోనే జొన్న రొట్టెలు, బుడ్డల పొడి, బక్షాలు చేసి అమ్ముతాను. ఫోన్‌లో ఆర్డరు తీసుకుంటాను. మా ఆయన బండి మీద పోయి ఇచ్చి వస్తాడు. వాట్సాప్‌లో సరుకుల ఫోటోలు, ధరలు పెట్టినాను. అదే నా అంగడి. కానీ ఒక చిక్కు ఉంది. నా నంబరు తెలిసినవాళ్లకే ఆ ఫోటోలు కనపడతాయి. తెలియనివాళ్లకు ఎట్లా కనపడతాయి?

నంద్యాలలో ఒకామెకు ఇంటికి చుట్టాలు వచ్చినారనుకోండి. ఆమె ఫోన్ తీసి, "దగ్గరలో జొన్న రొట్టెలు" అని తెలుగులోనే అడుగుతుంది. గూగుల్ కొన్ని పేర్లు చూపిస్తుంది. ఆమె ముందు కనపడిన వాళ్లకే ఫోన్ చేస్తుంది. మన పేరు అక్కడ లేకపోతే మన రొట్టె ఎంత మెత్తగా ఉన్నా ఆమెకు తెలియదు.

ఈ సంగతి తెలిసి నేను తొందరపడినాను. ఒక అబ్బాయి ఇంటికి వచ్చి, "గూగుల్‌లో మీ పేరు మొదట వచ్చేటట్టు చేస్తాను" అన్నాడు. డబ్బులు ఇచ్చినాను. పేరు అయితే వచ్చింది. ఆ సంవత్సరం ఉగాదికి బక్షాల కోసం పిండి, బెల్లం, శనగపప్పు తెచ్చి పెట్టుకున్నాను. ఫోన్ మోగలేదు. పండగ దాటిపోయింది.

అప్పుడు నేనే ఫోన్‌లో నా అంగడిని వెతికినాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివినాను. అంగడి పేరు నాదే. కింద ఉన్న నంబరు నాది కాదు! ఖాతా కూడా ఆ అబ్బాయి పేరు మీదే ఉంది. నాకు చదువు రాకపోతే ఆ తప్పు ఎప్పటికి తెలిసేది?

అందుకే నేను నేర్చుకున్నది మీకు చెప్తాను.

గూగుల్ మూడు సంగతులు చూస్తుంది. ఒకటి, అడిగిన వస్తువు మన దగ్గర ఉందా? రెండు, మనం ఎంత దూరంలో ఉన్నాం? మూడు, మన గురించి ఎంతమందికి తెలుసు, ఏమంటున్నారు? దూరాన్ని మనం మార్చలేం. మిగిలిన రెండూ చాలావరకు మన చేతిలో ఉన్నాయి.

అంగడి పేరు నమోదు చేయడానికి గూగుల్ పైసా తీసుకోదు. డబ్బు కట్టి వేసే ప్రకటనలు వేరు. అవి ప్రకటనలని తెలిసేటట్టు వాటి మీద గుర్తు ఉంటుంది. మామూలు వరుసలో పైకి రావడానికి డబ్బు కట్టే దారి లేదు. "నేను మొదటి స్థానం ఇప్పిస్తాను" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందుగా మన పేరు మీద ఒక జీమెయిల్ ఖాతా తెరవాలి. ఆ ఖాతాతోనే అంగడిని నమోదు చేయాలి. యజమాని మనమే కావాలి. కొడుకో, కూతురో సాయం చేస్తే మంచిదే. వాళ్లను మేనేజరుగా చేర్చవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం మన దగ్గరే ఉండాలి. బీరువా తాళం చెవి ఎవరికైనా ఇస్తామా?

అంగడి మనదేనని గూగుల్ రుజువు అడుగుతుంది. చాలాసార్లు ఫోన్‌తో వీడియో తీసి పంపమంటుంది. మన వీధి, మన బోర్డు, మన పెనాలు, డబ్బాలు, పని చేసే చోటు చూపించాలి. తర్వాత కొన్ని రోజులు ఆగాలి.

ఇప్పుడు పేరు రాయడం. బోర్డు మీద, పొట్లం మీద ఏ పేరు ఉందో అదే పేరు రాయాలి. పేరు పక్కన "చాలా మంచి రొట్టెలు, తక్కువ ధర" అని తగిలించకూడదు. అది గూగుల్ నియమానికి విరుద్ధం. మన ఊరి పేరును ఇంగ్లీషులో కొందరు సిరివెళ్ల అని పలికేటట్టు, కొందరు సిర్వెల్ అని పలికేటట్టు రాస్తారు. మీరు ఒక తీరు ఎంచుకోండి. గూగుల్‌లో, పొట్లం మీద, రసీదు మీద అన్నిచోట్లా అదే రాయండి. జిల్లా పేరు కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది నంద్యాల జిల్లా. పాత కాగితం చూసి కర్నూలు జిల్లా అని రాయకండి.

ఇక చిరునామా. జనం వచ్చి కొనే అంగడి అయితే మ్యాప్‌లో గుర్తు సరిగ్గా పెట్టాలి. హైవే మీద శిరివెళ్ల మెట్ట ఒకచోట, ఊరు ఒకచోట. ఊళ్లో ఉన్న అంగడికి మెట్ట దగ్గర గుర్తు పెడితే వచ్చినవాళ్లు తిరిగి తిరిగి వెనక్కి పోతారు.

నా మాదిరి ఇంట్లో చేసి, బయట ఇచ్చి వచ్చేవాళ్లు ఇంటి చిరునామా అందరికీ చూపించకూడదు. దాన్ని దాచిపెట్టవచ్చు. ఆడవాళ్లు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. చిరునామాకు బదులు మనం సరుకు ఇచ్చే ఊళ్ల పేర్లు రాస్తే చాలు. 20 వరకు రాయవచ్చు. నేను శిరివెళ్ల, నంద్యాల, ఆళ్లగడ్డ, రుద్రవరం, గోస్పాడు రాసినాను. పోలేని ఊరి పేరు రాయకండి. అడిగినవాళ్లకు లేదని చెప్పాల్సి వస్తుంది.

కొనేవాళ్లను ఎప్పుడూ కలవకుండా, పార్సిల్‌లోనే పంపేవాళ్లకు ఈ నమోదు వర్తించదు. వాళ్లకు వాట్సాప్ బిజినెస్ లాంటి వేరే దారులు ఉన్నాయి.

తర్వాత సరుకుల పేర్లు రాయాలి. ఇక్కడ మన తెలుగే మనకు పనికొస్తుంది. మనం బుడ్డలు అంటాం. కొందరు పల్లీలు అంటారు. కొందరు వేరుశనగ అంటారు. మనం బక్షాలు అంటాం. కొందరు ఓళిగలు అంటారు. కోస్తా వాళ్లు బొబ్బట్లు అంటారు. అడిగేవాళ్లు ఏ మాటతో అడుగుతారో మనకు తెలియదు. అందుకని సరుకుల వివరం రాసేచోట ఆ మాటలు కూడా రాయాలి. "బక్షాలు, అంటే బొబ్బట్లు" అని రాస్తే సరిపోతుంది. ఒకే మాటను పదిసార్లు రాయనక్కరలేదు.

ఫోటోలు మనవే పెట్టాలి. వేరేవాళ్ల ఫోటో పెడితే, సరుకు చూసినాక జనం మనల్ని నమ్మరు. పగటి వెలుతురులో, శుభ్రమైన పళ్లెంలో పెట్టి తీయండి. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ఆర్డరు తీసుకుంటారో రాయండి. పండగకో, పెళ్లికో పని ఆపితే ఆ రోజు సెలవు అని మార్చండి.

కొన్నవాళ్లను నాలుగు మాటలు రాయమని అడగండి. సిగ్గుపడకండి. "అక్కా, రొట్టె ఎట్లుందో గూగుల్‌లో రాయి" అంటే చాలామంది రాస్తారు. కానీ మంచి మాట రాయించుకోవడానికి డబ్బు ఇవ్వకూడదు. ధర తగ్గిస్తామని చెప్పకూడదు. చుట్టాలతో దొంగ మాటలు రాయించకూడదు. గూగుల్ పట్టుకుంటే వాటిని తీసేస్తుంది.

ఒకామె నాకు "పొడిలో ఉప్పు ఎక్కువ" అని రాసింది. నాకు కోపం వచ్చింది. తర్వాత పొడి నేనే నాలుక మీద వేసుకుని చూసినాను. నిజమే. "తప్పయింది అమ్మా, ఈసారి సరిచేసి పంపుతాను" అని జవాబు రాసినాను. అది నేను నా చేత్తో రాసిన జవాబు. ఆమె మళ్లీ కొన్నది. ఆ జవాబు చదివి ఇంకొకామె కూడా కొన్నది.

ఒక జాగ్రత్త చెప్తాను. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పండి" అని ఎవరైనా అడిగితే చెప్పకండి. మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మరి నా అంగడి ఏమయింది అంటారా? మన అంగడి వేరేవాళ్ల చేతిలో ఉంటే, "ఇది నాది" అని గూగుల్‌ను అడగవచ్చు. ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వాళ్లకు గూగుల్ కబురు పంపుతుంది. జవాబుకు 3 రోజుల గడువు ఇస్తుంది. జవాబు రాకపోతే, రుజువు చూపి మనం తీసుకునే వీలు ఉండవచ్చు. నేను అట్లే అడిగినాను. ఆ అబ్బాయి జవాబు ఇవ్వలేదు. వీడియో పంపినాను. అంగడి నా చేతికి వచ్చింది. వచ్చిన వెంటనే ఆ నంబరు తీసేసి నా నంబరు రాసినాను. పది అంకెలు. రెండుసార్లు చదువుకున్నాను.

ఇప్పుడు ప్రతి వారం ఒకసారి తెరిచి చూసుకుంటాను. ఎందుకంటే మ్యాప్‌లో వివరాలు మార్చమని బయటివాళ్లు కూడా సూచించవచ్చు. మన చేను గట్టు మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు?

పేరు రాసిన మరుసటి రోజే ఫోన్లు వస్తాయని నేను చెప్పను. నాకూ మెల్లగానే వచ్చినాయి. కానీ పోయిన ఉగాదికి తెచ్చిన బెల్లం మిగలలేదు.

అక్కలారా! సంతకం రాకముందు మన తరఫున ఎవరో వేలిముద్ర వేయించినారు. ఏ కాగితమో మనకు తెలిసేది కాదు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. అంగడి మనది. పేరు మనది. నంబరు మనది. మనమే రాసుకుందాం, మనమే చదువుకుందాం.



రాయండి

1. మీ అంగడి పేరు, ఊరు, మండలం, జిల్లా తప్పు లేకుండా రాయండి.
2. మీరు అమ్మే ఒక వస్తువుకు వేరే ఊళ్లలో ఉన్న పేర్లు రాయండి.
3. ఫోన్‌లో మీ అంగడిని వెతకండి. అక్కడ ఉన్న నంబరు మీదేనా? చదివి చూడండి.