కరువు ఏ కార్తెలో పుట్టును?



వానలు నిండుగా కురిసిన యేడు కరువు లేదందురు. సంవత్సరపు మొత్తము చూచి యిట్లనుట పొరపాటు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో కరువునకు కొన్ని కార్తెలు, వరదకు కొన్ని కార్తెలు గలవు. ఆ సంగతియే నేడు మనవి చేయుచున్నాను.

మెట్టరైతు మృగశిరలో తొలివాన పడగానే పత్తి, కంది విత్తును. ఆరుద్ర మంచిదైనను, జూలై మొదటి వారము మొదలు ఆగస్టు తొలినాళ్ల వరకు నుండు పునర్వసు, పుష్యమి కార్తెలు ఎండినచో మొలక మాడిపోవును. పిదప హస్తలో కుండపోతగా కురిసి లెక్క సరిపోయినను పోయిన విత్తనము తిరిగి రాదు. నేను బడిపంతులుగా నున్ననాడు, వాన పడిన దినమున కొకటి వంతున పిల్లలచేత గోడమీద సున్నపుగీతలు పెట్టించెడివాడను. ఒకయేడు గీతలు చాలనే యున్నవి గాని నడుమ గోడ ఖాళీగా నుండెను. ఆ ఖాళీయే కరువని నాకంటె ముందు ఒక రైతుబిడ్డ కనిపెట్టెను.

కాలువక్రింది వారి లెక్క వేరు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది మొదలు మిర్యాలగూడ, కోదాడ రైతులు తమ తలపై మబ్బుకంటె, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరపు కొండల మబ్బునే నమ్ముకొనిరి. 1901 మొదలు లెక్కకెక్కిన ఆగస్టు నెలలలో దేశమంతట మిక్కిలి వాన తక్కువైనది 2023 నాటిది. ఆ యేడు సాగరు నిండలేదు. మరుసటి యేడో! పుబ్బ ప్రవేశించిన వెంటనే, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు కోదాడ వీధులు ఏరులయ్యెను, ప్రాణములు పోయెను. నడిగూడెము మండలమున కాగిత రామచంద్రాపురము వద్ద ఎడమకాలువకు గండి పడెను. నిరుడు నీరు చాలని కాలువయే అది!

2009లో ఈ రెండును ఒక్కయేటనే వచ్చెను. వానకాలము తొలినెలలు ఎండిపోగా, అక్టోబరు మొదట హస్తలో కృష్ణకు మహావరద వచ్చి కర్నూలు పట్టణము మునిగెను.

ఇక నొకమాట, జ్యోతిష్కులు కోపగింపకుందురు గాక. అయనచలనముచేత కార్తెలు ఋతువులతో పొత్తు తప్పి, సుమారు 72 ఏండ్ల కొకదినము వంతున ఆలస్యమగుచున్నవి. వరాహమిహిరుని నాటికిని నేటికిని సుమారు మూడువారముల తేడా వచ్చినది. తాతల నాటి కార్తెమాటను నమ్మవచ్చును గాని, ప్రాచీన గ్రంథములలోని మాటను నేటి ఋతువుతో సరిచూచుకొనవలెను.

చిత్త, స్వాతి, విశాఖలలో తుపానుముసురు కళ్లములోని వరిని తడుపును. వేసవి వడగండ్లను, రోహిణి యెండలను గూర్చి తమకు చెప్పనక్కరలేదు.

చెరువుకట్టను, తూమును, అలుగును మఖ దాటకముందే చూచుకొనుడు. పంచాంగపు అంచున, కార్తెవారీగా, వాన పడిన దినములను వ్రాసిపెట్టుడు. ఎన్ని అంగుళములో మండల కచేరీవారు చెప్పుదురు. ఏ దినమున పడెనో, ఎన్నిదినములు పడకుండెనో తామే వ్రాయవలెను.