ఉన్నత పాఠశాలలో హాస్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



భరతముని రసములను చెప్పుచు శృంగారము తరువాత హాస్యమునకు స్థానమిచ్చెను. ఉన్నత పాఠశాలలో ఈ క్రమము కొంత మారును. మొదటి గంట మ్రోగునప్పుడు భయానకము, లెక్కల గంటలో కరుణము, ఆటల గంటలో వీరము, మధ్యాహ్నము మూడు గంటలకు నిద్రారసము ప్రవర్తిల్లుచుండును. ఈ కడపటిది భరతముని యెరుగడు. వీని యన్నిటి నడుమ హాస్యము పిలువకయే వచ్చును. దానిని వెలుపలికి గెంటు ఉపాధ్యాయులు కొందరు, పీట వేసి కూర్చుండబెట్టువారు కొందరు. ఈ రెండవ తెగకు చెందిన ఒక తెలుగు పండితుని ముచ్చటలే నేటి ప్రసంగమునకు విషయము. తన పేరు నలుగురిలో చెప్పుట ఆయనకు రుచింపదు గనుక, పండితుడనియే చెప్పుట మర్యాద.

ఆయన ఒకనాడు ఐదవ ఫారములో సమాసములు బోధించుచు, పంచమీ తత్పురుషమునకు ఉదాహరణ మడిగెను. పుస్తకములోని ‘దొంగభయము’ ఎల్లరకును కంఠస్థమే. అది కాక వేరొకటి చెప్పుడనెను. వెనుక బల్లనుండి యొక కుర్రవాడు లేచి, “పంతులుభయమండి” అనెను. “విగ్రహవాక్యము?” “పంతులుగారివలన భయమండి.” తరగతి యంతయు గొల్లుమనెను. పండితుడు బెత్తము వైపు చూచెను. పిల్లలు పండితుని వైపు చూచిరి. ఆయన మెల్లగా, “సమాసము సరియే నాయనా! అయితే దీనిని షష్ఠీ తత్పురుషముగా గూడ విప్పవచ్చును. పంతులుగారియొక్క భయము. ఇన్‌స్పెక్టరుగారు వచ్చిననాడు అట్లు విప్పుము” అనెను. ఆ యేడు సమాసముల ప్రశ్నలో తప్పినవారు ఆ తరగతిలో మిక్కిలి తక్కువ. బెత్తము చేయలేని పనిని ఒక నవ్వు చేసెను.

ఆ ఇన్‌స్పెక్టరుగారు రానే వచ్చిరి. గోడలకు సున్నము పడెను, దేశపటముల దుమ్ము దులుపబడెను, ఎన్నడును కోటు తొడుగని మాస్టారు కోటు తొడిగిరి. ఇన్‌స్పెక్టరుగారు ఒక బాలుని చూచి, “మీ పాఠశాలలో గ్రంథాలయము కలదా?” అనిరి. “కలదండి.” “నీవు ఎన్ని పుస్తకములు చదివితివి?” “నలువదిమూడండి.” ఆయన సంతసించి వాని పేరులు చెప్పుమనగా, బాలుడు ఒక్క పేరైనను తప్పకుండ నలువదిమూడును వరుసగా నప్పగించెను. “భేష్! వీనిలో నీకు నచ్చిన కథ యేది?” అని యడిగిరి. బాలుడు తల వంచుకొని, “కథలు తెలియవండి. అద్దాల బీరువాకు తాళము వేసియుండును. వెలుపలినుండి అట్టల మీది పేరులు మాత్రము చదివితిని” అనెను. మరునాడు తాళము తీయబడెను. పుస్తకము అద్దము వెనుక నుండిన అలంకారము, చేతిలోనికి వచ్చిన విద్య. మన గ్రంథాలయమునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున దశాంశ నాణెములు అమలులోనికి వచ్చెను. అంతవరకును రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. అటుపిమ్మట రూపాయికి 100 నయా పైసలు. అణాకు ఆరుంబావు వచ్చును గాని పావు పైసను ఎవరు ఇత్తురు? అరపైసగాని అంతకు తక్కువగాని యున్న విడిచివేయవలె, అంతకు మించిన ఒకటిగా ఎంచవలెనని నియమము. ఆ లెక్కను అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25. లెక్కల మాస్టారు ఈ పట్టికను నల్లబల్లపై వ్రాయగా, ఒక కిరాణా దుకాణదారుని కుమారుడు లేచి, “మాస్టారూ, అణా సరుకు పదునారు మార్లు కొన్నచో 96 పైసలే యగును. ఒక్కసారి రూపాయి సరుకు కొన్నచో 100 ఇయ్యవలె. తక్కిన నాలుగు పైసలు ఏమైనవి?” అనెను. మాస్టారికి వీరి దుకాణములోనే నెలవారీ ఖాతా కలదు. ఆయన నవ్వి, “నాయనా, ఈ సంగతి మీ నాయనగారితో చెప్పకుము. ఈ నెలాఖరున బాకీని అణా అణాగా తీర్చెదను” అనెను. ఆ పట్టిక మరి యెవరును మరువలేదు.

ఇంతవరకు చెప్పిన నవ్వులు వెన్నెల వంటివి. ఎండ వంటి నవ్వు గూడ బడిలో నుండును. ఒక బాలుడు నాలుగు మైళ్లు నడచి వచ్చి, రెండవ గంటకే బల్లపై తల వాల్చి నిద్రించుచుండెను. తోడివారు వానికి కుంభకర్ణుడని పేరు పెట్టిరి. ఆ పేరు విని పండితుడును ఒకటి రెండు మార్లు నవ్వెను. తరువాత మూడు దినములు హాజరుపట్టీలో వాని పేరు నెదుట సున్నలే నిలిచెను. పండితుడు వాని యూరికి పోయి విచారింపగా, తండ్రి జ్వరముతో మంచము పట్టెననియు, కాలువ నీటివంతు రాత్రివేళ వచ్చుటచే బాలుడే లాంతరు పట్టుకొని తెల్లవారువరకు గట్టున నిలుచుచుండెననియు తెలిసెను. బాలుడు మరల బడికి వచ్చిననాడు పండితుడు తరగతితో, “మీరు పురాణము తప్పు చదివితిరి. కుంభకర్ణుడు నిద్రించినది తన సుఖమునకు. ఇతడు మేలుకొన్నది ఇంటివారి అన్నమునకు. పదునాలుగేండ్లు కన్ను మూయని లక్ష్మణుడు ఇతడే” అనెను. నాటినుండి వాని పేరు లక్ష్మణుడు. ఆ యేటి పరీక్షలో అతడు ఉత్తీర్ణుడయ్యెను.

కాని ఇట్టి కారణముచేతనే బడి మానిన మరియొక బాలుడు తిరిగి రాలేదు. పట్టీలో వాని పేరును ఎర్రసిరాతో కొట్టివేయుట పండితుని చేతిమీదుగనే జరిగెను. ఆనాడు తరగతిలో ఎవరును నవ్వలేదు.

తెలుగున హాస్యము వ్రాసిన పెద్దలలో పంతుళ్లు గలరు. ‘గణపతి’ వ్రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులు. 1914లో బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభకు అధ్యక్షులును వారే. హాస్యబ్రహ్మ యని పేరొందిన భమిడిపాటి కామేశ్వరరావుగారును ఆ నగరముననే ఉపాధ్యాయులు. బడికిని, నవ్వునకును, గ్రంథాలయమునకును గల చుట్టరికము ఇట్టిది.

కావున సభాసదులకు విన్నపములు రెండు. నాడు ఆరవ ఫారము, నేడు పదవ తరగతి. పేరు ఏదైనను పరీక్షలు సమీపించిన దినములలో పిల్లవానిని రాత్రి నీటివంతుకు పంపక పెద్దలే పోవలెను. పెద్దలకు శక్తి లేని యింటికి పొరుగువారు ఒక రాత్రి సాయపడవలెను. ఇది మొదటిది. పాఠ్యపుస్తకములు ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క జత ఈ గ్రంథాలయమున తాళము లేని బీరువాలో నుంచవలెను. ఇది రెండవది. ఈ రెండును నెరవేరినచో మన యూరి పట్టీలో ఎర్రసిరా కరవగును, నవ్వులు పండును.

స్వస్తి.