పుర్రె అతికిన పిమ్మట

గుండుగొలను మీదుగా చెన్నై - కలకత్తా రహదారి సాగుచున్నది. కొల్లేటి చేపల లారీలును, మోటారు సైకిళ్లును రేయింబవళ్లు దానిపై పరుగెత్తుచుండును. ఇట్టి బాటలపై పడి, తలకు దెబ్బ తగిలి, ఏలూరికో విజయవాడకో కొనిపోబడి ప్రాణముతో తిరిగివచ్చినవారు మన గ్రామములలో ఉన్నారు. వారిలో కొందరికి తల ఒకప్రక్క మెత్తగా, లోతుగా కనిపించును. అచ్చట ఎముక లేదు.

మెదడు వాచినపుడు బిగువైన పుర్రెలో దానికి చోటు చాలదు. అందుచే వైద్యులు ఎముక ముక్కను తొలగించి, రోగి పొట్ట చర్మము క్రిందనో, గడ్డకట్టించు శీతల పేటికలోనో దాచెదరు. వాపు తీసిన కొన్ని నెలలకు ఆ ఎముకనే గాని, టైటానియము, అక్రిలిక్కు మొదలగువానితో చేసిన పలకను గాని అమర్చెదరు. దీనికి క్రేనియోప్లాస్టీ అని పేరు.

గండము గడచినదని ఇంటివారు ఊరడిల్లు వేళ ఇది. కాని చీము పట్టు భయము ఇచ్చటనే పొంచియున్నది. అప్పుడే అమర్చిన ఎముకకు గాని, పలకకు గాని నెత్తురు ప్రసారము లేదు. సూక్ష్మజీవులు దానిపై పొరగా అంటుకొనినచో మందులు వానిని చక్కగా చేరజాలవు. తరచుగా ఆ పలకను తీసివేయవలసి వచ్చును. రోగి మరల నెలల తరబడి ఎముక లేని తలతో ఉండవలెను.

ఈ ముప్పు అందరికిని సమానము కాదు. మధుమేహము అదుపులో లేనివారు, పొగ త్రాగువారు, తిండి చాలక చిక్కినవారు, ఒకే చోట పలుమారులు కోత పడినవారు మిక్కిలి జాగరూకులై ఉండవలెను. మొదటి గాయము సరిగా మానకున్నను, మెదడు చుట్టునుండు నీరు కారుచున్నను, నుదుటి ఎముకలోని గాలిగది తెరచుకొన్నను, పలక క్రింద నెత్తురు నిలిచినను ప్రమాదము పెరుగును. వీనిలో కొన్ని వైద్యుల చేతిలోనివి. కోతకు ముందు గంటలోపల యాంటిబయాటిక్ మందు నిచ్చుట వంటివి వారి పని. తక్కినవి మన ఇంటిలోనివి.

రెండు ఆపరేషనుల నడిమి నెలలే సిద్ధపడు కాలము. చక్కెరను అదుపునకు తెచ్చుకొనవలెను. పొగ త్రాగుట కనీసము 4 వారములు ముందుగా మానవలెను. గ్రుడ్డు, పప్పు, చేప రోగి కంచములో ఉండవలెను. ముందునాడు మంగలిని పిలిపించి తల గొరిగించుట మంచిదని మనవారి తలంపు, అది పొరపాటు. కంటికి కనబడని కత్తిగాట్లలో సూక్ష్మజీవులు చేరును. వెండ్రుకలు తీయక తప్పనిచో క్లిప్పరుతోనే కత్తిరింపవలెనని, కత్తితో గొరుగరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించినది. ఆ పని ఆసుపత్రివారికే విడువుడు.

భీమడోలు నుండి పోవు దారిలోనే ద్వారకా తిరుమల ఉన్నది. ప్రాణము దక్కినందుకు తలనీలాలు మ్రొక్కుకొను ఇండ్లు ఈ ప్రాంతమున పెక్కు. ఆ మ్రొక్కు తీర్చవలదని చెప్పుట లేదు; గాయము పూర్తిగా మానినదని వైద్యుడు చెప్పువరకు స్వామి వేచియుండును. అంతవరకు పసుపు ముద్దలు, ఆకుపసరులు, చెరువు స్నానములు కూడవు.

జ్వరము, కుట్ల వద్ద ఎఱుపు, వాపు, చీము, తేటనీరు కారుట, మగత: ఇవి కొన్ని వారములకే కాదు, నెలలకు కూడ తోచవచ్చును. తోచిననాడే పోయి చూపించుకొనవలెను. నొప్పి లేదు కదా యని ఊరకున్నచో పలక పోవును. చీము మెదడునకు పాకినచో ప్రాణమే పోవచ్చును.